చేయి ఎవరు చాచాలి?
దూరపు పరుగు, సేవానిధి గురించి కొన్ని మాటలు

(మన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మేము ఉర్దూ మీడియం పంతుళ్లం. తెలుగులో మాట్లాడాలని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. ఉర్దూ మాట్లాడతారు గాని చదవలేని పిల్లలు మన ఇండ్లల్లో ఎక్కువవుతున్నారు గనుక సావనీరులో తెలుగు పుటలు కూడా ఉండాలని వారి అభిప్రాయం. మా మాటలో ఎక్కడైనా ఉర్దూ వాసన వస్తే మన్నించగలరు.

ఈ సంవత్సరం మన ముందున్న విషయం ఏమిటంటే, పదవ తరగతి పాసై పైచదువుకు పోలేక ఆగిపోతున్న పిల్లల కోసం నిధి కూడబెట్టాలి. ప్రతి ఏడు చందా పుస్తకం పట్టుకొని దుకాణం దుకాణం తిరిగే పద్ధతి మనకు ఉన్నదే. ఈసారి మన మోహల్లాల యువకులు కొందరు "మేము దూరపు పరుగు పెడతాం, ఆ పరుగు పేరు మీద డబ్బు జమ చేస్తాం" అని ముందుకు వచ్చారు. పెద్దలలో కొందరు నవ్వినారు. "ఉరికితే పైసలు రాల్తయా? ఇదంతా పట్నపోళ్ల షోకు" అన్నారు. ఇంకొందరు "ఇయ్యదలిస్తే ఊరికెనే ఇయ్యొచ్చు గదా, ఈ దుంకులాట దేనికి?" అని అడిగినారు. ఈ ప్రశ్నలు న్యాయమైనవే. వాటికి మాకు తెలిసినంతలో జవాబు చెప్పుట మా పని.

మొదట ఒక సంగతి. దూరపు పరుగు మనకు కొత్త కాదు. రైళ్లు, మోటార్లు రాకముందు టపా నడిచింది హర్కారాల కాళ్ల మీదనే. చేతిలో గజ్జెల కర్ర, భుజాన సంచి, ఒక చౌకీ నుంచి ఇంకో చౌకీ దాకా పరుగు. హైదరాబాదు నుంచి నాగపూరు పోయే పాత బాట మన నిర్మల్ మీదుగానే గదా పోతుంది. పరుగు అన్నది వేరొకరి కబురును మోసే పని అని మన తాతలకు తెలుసు.

అంతకంటే పాత మాట కూడా ఉంది. హజ్‌కు, ఉమ్రాకు పోయి వచ్చినవారు ఈ సభలో ఎందరో ఉన్నారు. సఫా, మర్వా గుట్టల నడుమ ఏడు మార్లు తిరిగితే మూడు కిలోమీటర్ల పైచిలుకు అవుతుంది. ఆ బాట ఎవరిది? దాహంతో ఏడుస్తున్న బిడ్డకు నీళ్ల కోసం పరుగెత్తిన ఒక తల్లిది. బీబీ హాజరా తన దాహం కోసం పరుగెత్తలేదు. ఒకరి అవసరం కోసం ఇంకొకరు ఉరకడం అన్నది మనకు ఎవరూ వచ్చి నేర్పవలసిన పని కాదు.

ఇక మారథాన్ అనే మాట. ఇది గ్రీసు దేశంలోని ఒక ఊరి పేరు. అక్కడి యుద్ధంలో గెలిచిన కబురు తీసుకొని ఒక సిపాయి ఏథెన్సు దాకా పరుగెత్తినాడని పాత కథ. 1896లో ఏథెన్సులో ఒలింపిక్ పోటీలు మొదలైనప్పుడు ఆ కథ పేరు మీదనే సుమారు 40 కిలోమీటర్ల పరుగు పెట్టారు. గెలిచినవాడు స్పిరిడాన్ లూయిస్ అనే గ్రీకు పల్లెటూరివాడు. ఆయన వృత్తి నీళ్లు మోయడం. అంటే మన మాటలో భిష్తీ. ఇప్పుడున్న 42 కిలోమీటర్ల 195 మీటర్ల దూరం 1908 లండన్ ఒలింపిక్స్‌లో వచ్చి, 1921లో ఖాయమైంది. మన లెక్కలో చెప్పాలంటే నిర్మల్ నుంచి ఆదిలాబాదు పోయే దారిలో సుమారు సగం. మహబూబ్ ఘాటు ఎక్కి దిగి, ఆపైన ఇంకా చాలా దూరం పోవాలి.

ఈ పరుగును దానంతో ముడిపెట్టింది ఎవరు అంటే, ఎక్కువ పేరు వచ్చింది రెండు చోట్ల.

ఒకటి లండన్ నగరం. అక్కడి మారథాన్ 1981 మార్చి 29న మొదలైంది. క్రిస్ బ్రాషర్, జాన్ డిస్లే అనే ఇద్దరు పాత ఆటగాళ్లు దాన్ని నిలబెట్టారు. మొదటి ఏడు ముందుగా వచ్చిన ఇద్దరు, ఒక అమెరికావాడు, ఒక నార్వేవాడు, ఒకరి చేయి ఒకరు పట్టుకొని కలిసి గీత దాటినారు. ఆనాటి నుంచి ఆ పరుగులో పాల్గొన్న సామాన్య జనం ఆసుపత్రులకు, అనాథలకు, రోగులకు అని తలా కొంత జమ చేస్తూ వచ్చారు. అట్లా జమ అయింది మొత్తం వంద కోట్ల పౌండ్లు దాటింది.

రెండవది కెనడా దేశం. టెర్రీ ఫాక్స్ అనే యువకుడు 1958లో పుట్టాడు. 1977లో ఎముకల క్యాన్సరు వచ్చి కుడి కాలు మోకాలి పైకి తీసివేశారు. ఆసుపత్రిలో తనకంటే చిన్న పిల్లలు అదే జబ్బుతో బాధపడటం చూశాడు. 1980 ఏప్రిల్ 12న పెట్టుడు కాలితో దేశం ఈ కొన నుంచి ఆ కొన దాకా పరుగెత్తుతానని బయలుదేరాడు. రోజుకు సుమారు ఒక మారథాన్ దూరం. ఆయన అడిగింది పెద్ద సొమ్ము కాదు. దేశంలో ఉన్న ప్రతి మనిషి ఒక్క డాలరు ఇవ్వాలి, అంతే.

మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కాని పోర్ట్ ఓ బాస్క్ అనే చిన్న ఊరు, జనం సుమారు పదివేలు, ఆ ఊరివాళ్లు తలా ఒక డాలరు లెక్కన పదివేల డాలర్లు పోగుచేసి ఇచ్చారు. మన నిర్మల్ దానికంటే ఎన్నో రెట్లు పెద్దదని గుర్తు పెట్టుకోవాలి. క్యాన్సరుతోనే కొడుకును పోగొట్టుకున్న ఒక హోటళ్ల యజమాని మైలుకు రెండు డాలర్లు ఇస్తానని మాట ఇచ్చి, మిగతా వ్యాపారస్థులను కూడా అడిగించాడు. టెర్రీ 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తాడు. సెప్టెంబరు 1న జబ్బు ఊపిరితిత్తులకు పాకిందని తెలిసి ఆగిపోయాడు. 1981 జూన్ 28న, 22 ఏళ్ల వయస్సులో పోయినాడు. పోకముందే ఆయన కోరిక తీరింది. రెండు కోట్ల నలభై లక్షల జనం ఉన్న ఆ దేశంలో అన్ని డాలర్లూ జమ అయినాయి. ఆయన పేరు మీద ఏటేటా జరిగే పరుగులో పోటీ లేదు, గెలుపు లేదు. మన దేశంలో కూడా మద్రాసు ఐఐటీ వంటి చోట్ల ఆ పరుగు పెట్టారు.

ఇది యువకుల పని అనుకునేవారికి ఇంకొక పేరు చెబుతాం. ఫౌజా సింగ్ గారు. పంజాబ్‌లో జలంధర్ దగ్గరి పల్లె రైతు. పాస్‌పోర్టు ప్రకారం 1911లో పుట్టినారు. భార్య పోయి, తరువాత కొడుకు పోయి, ఆ దుఃఖంలో ఇంగ్లండులో ఉండగా పరుగు పట్టుకున్నారు. 2000 సంవత్సరంలో, 89 ఏళ్ల వయస్సులో, లండన్ మారథాన్ పూర్తి చేశారు. ఎవరి కోసం? నెలలు నిండక పుట్టిన పసికందుల సేవా సంస్థ కోసం. అందరికంటే ముసలివాడు అందరికంటే చిన్నవాళ్ల కోసం పరుగెత్తినాడన్న మాట. 2011లో టొరంటోలో నూరేళ్ల వయస్సున మారథాన్ ముగించారు. జన్మపత్రం లేదని రికార్డు పుస్తకంవాళ్లు ఒప్పుకోలేదు. ఆయన దానికి పరుగు మానుకోలేదు. 2025 జూలైలో సొంత ఊళ్లో రోడ్డు ప్రమాదంలో కన్నుమూశారు.

మన దేశంలో చూస్తే, ముంబై మారథాన్ 2004లో మొదలై సేవా సంస్థలకు వందల కోట్ల రూపాయలు జమ చేసింది. మన హైదరాబాదులో 2011 నుంచి ఆగస్టు మాసంలో మారథాన్ నడుస్తున్నది. నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై, వంతెనలు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి దాకా పోతుంది. మన జిల్లా కేంద్రాల్లో కూడా అక్టోబరు 31న రన్ ఫర్ యూనిటీ అని పిల్లలను పరుగెత్తిస్తున్నారు. అందులో డబ్బు జమ చేయడం ఉండదు. కాని పొద్దున్నే రోడ్డు మీద వందల మంది కలిసి పరుగెత్తడం మన జనం చూసిన దృశ్యమే.

సోదరులారా, ఇప్పుడు అసలు మాటకు వస్తాం.

మన సంఘాలలో, ఒక్క మనవే కాదు అన్ని కులమతాల సంఘాలలో, సాయం పంచే రోజు ఎట్లా ఉంటుంది? వేదిక కడతాం. ఇచ్చేవారికి పూలదండ వేస్తాం. తీసుకునే పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలుస్తాం. తండ్రి పేరు, మోహల్లా పేరు మైకులో చెబుతాం. చెక్కు పట్టుకొని అటు నలుగురు, ఇటు నలుగురు, నడుమ ఆ పిల్లవాడు. ఫోటో. మరునాడు అదే ఫోటో ఫోనుల్లో ఊరంతా తిరుగుతుంది. ఆ పిల్లవాడు తరగతిలో మళ్లా మా ముందర కూర్చుంటాడు. తలెత్తడు. అది మేము చూస్తాం, మీరు చూడరు. బీడీలు చుట్టే తల్లి, "సార్, మా బిడ్డను పైకి పిలువకుండ్రి, ఆ పైసలు లేకున్నా మంచిదే" అని బడి గేటు దగ్గర మెల్లగా చెబుతుంది. కుట్టు మిషను వచ్చినా, కుట్టు నేర్చిన ఆడపిల్ల వేదిక ఎక్కదు. చదువు ఆగిపోవడానికి బస్సు కిరాయి లేకపోవడం ఒక కారణం. ఇజ్జత్ పోతుందన్న భయం ఇంకొక కారణం. మొదటిది మనం చందాతో తీర్చగలం. రెండవది మన చందాతోనే పెరుగుతున్నది.

పరుగులో ఏమవుతుంది? రోడ్డు మీద నిలబడేది, చెమటలు కార్చేది, పది మంది చూసేది, ఫోటోలో పడేది పరుగెత్తేవాడు. చేయి చాచేది వాడు. "చాచా, నేను అయిదు కిలోమీటర్లు ఉరుకుతా, మీరు కిలోమీటరుకు ఎంత ఇస్తరు?" అని దుకాణం ముందు నిలబడి అడిగేది వాడు. సాయం అందుకునే పిల్లవాడు ఆ దృశ్యంలో ఎక్కడా ఉండడు. వాడి ఫీజు, వాడి బస్సు పాసు మెల్లగా ఇంటికి చేరుతుంది. అడిగే బరువును బీదవాడి భుజం మీదినుంచి తీసి బలం ఉన్నవాడి భుజం మీద పెట్టడం, ఇదే ఈ పరుగులోని అసలు విలువ. కిలోమీటర్లు దానికి సాకు మాత్రమే.

దానం గుట్టుగా ఇవ్వాలి గదా, ఈ ఆర్భాటం ఏమిటి అని ఒక బుజుర్గు అడిగారు. బాగా అడిగారు. మన దీన్ చెప్పేది, బహిరంగంగా ఇచ్చినా మేలే, బీదలకు గుట్టుగా ఇస్తే మరీ మేలు అని. ఈ పద్ధతిలో ఇచ్చేవారి పేరు మైకులో చదవవలసిన పని లేదు. తీసుకునేవారి పేరు అసలే బయటపడదు. బహిరంగంగా ఉండేది శ్రమ ఒక్కటే. శ్రమ బయటపడితే ఎవరి ఇజ్జత్ పోదు.

ఇక లెక్క. నలభై మంది పరుగెత్తుతారు అనుకుందాం. ఒక్కొక్కరు ఇరవై అయిదు మంది దగ్గర మాట తీసుకోవాలి. కిలోమీటరుకు పది రూపాయలు, దూరం అయిదు కిలోమీటర్లు. తలా యాభై రూపాయలు. వెయ్యి మంది, యాభై వేల రూపాయలు. "ఇదే యాభై వేలు ఒక్క సేఠ్ గారు ఇస్తే సరిపాయె గదా" అంటారు. సొమ్ము సమానమే. కాని సేఠ్ గారికి ఒక ఏడు వ్యాపారం దెబ్బతింటే నిధి ఎండిపోతుంది. వెయ్యి మందికి ఒకేసారి దెబ్బ తగలదు. పైగా కూరగాయలమ్మే ఖాలా, ఆటో నడిపే భాయి, దుబాయిలో, సౌదీలో పనిచేసే మన పిల్లలు, వీరిని ఇంతవరకు ఎవరూ చందా అడగలేదు. వీరిని మనం పుచ్చుకునేవాళ్లగానే లెక్కబెట్టినాం. యాభై రూపాయలు ఇచ్చిననాడు వారూ ఇచ్చేవాళ్లే. ఆ పిల్ల చదువు వారి పిల్ల చదువే అవుతుంది.

అయితే జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. అవి చెప్పకుండా పొగడ్తలే చెబితే మేము పంతుళ్లం కాము.

ఒకటి, జకాత్ సొమ్మును ఈ నిధిలో కలపరాదు. జకాత్ నూటికి రెండున్నర, దానికి ఎనిమిది దారులు ఖురాన్‌లోనే నిర్ణయమై ఉన్నాయి. బనియన్లకు, నీళ్ల సీసాలకు అది వాడే సొమ్ము కాదు. పరుగు మీద వచ్చేది చందా, సదఖా. దానికి వేరే ఖాతా, వేరే రశీదు పుస్తకం ఉండాలి.

రెండు, ఖర్చు. పెద్ద నగరాల పరుగుల్లో రంగు బనియన్లు, బ్యానర్లు, పాటల పెట్టెలు, మెడళ్లు ఉంటాయి. మనం యాభై వేలు జమ చేసి ముప్పై వేలు బనియన్లకు పెడితే, పిల్లల పేరు చెప్పి బనియన్లు కుట్టించుకున్నవాళ్లం అవుతాం. జమ అయిన సొమ్ములోంచి ఒక్క పైసా కూడా ఏర్పాట్లకు తీయరాదు. ఏర్పాట్ల ఖర్చు కమిటీ సభ్యులే వేరుగా భరించాలి. బహుమతి ఇవ్వాలనే ఉంటే మన నకాషీల చేత పొణికి కర్రతో చిన్న బొమ్మ ఒకటి చేయించి, ఆఖరున వచ్చినవానికి ఇవ్వండి. అది మన నిర్మల్ గుర్తు. ఆ డబ్బు మన ఊరి పనివాని ఇంటికే చేరుతుంది.

మూడు, హిసాబ్. 2020లో కరోనా రోజుల్లో ఇంగ్లండులో టామ్ మూర్ అనే పాత సిపాయి, నూరేళ్లు నిండబోతుండగా, నడక చట్రం పట్టుకొని తన తోటలో నూరు మార్లు నడిచినాడు. వెయ్యి పౌండ్లు వస్తే చాలు అనుకున్నాడు. మూడు కోట్ల ఇరవై లక్షల పౌండ్లకు పైగా వచ్చింది. అది వైద్యసేవల నిధికి పోయింది. 2021లో ఆయన పోయినారు. కాని ఆయన పేరు మీద తరువాత వేరుగా పెట్టిన సంస్థ నడిపిన తీరులో తప్పులు జరిగాయని అక్కడి ప్రభుత్వ సంఘం విచారించి 2024 నవంబరులో నివేదిక ఇచ్చింది. ముసలాయన నడక నిజం, జనం ప్రేమ నిజం, అయినా మచ్చ పడింది. కాబట్టి పరుగు అయిన నెల లోపల, ఎంత వచ్చింది, ఎందరికి ఎంత పోయింది అన్న లెక్క మసీదుల దగ్గర, సొసైటీ గోడ మీద అతికించాలి. పిల్లల పేర్లు రాయరాదు, సంఖ్య మాత్రమే రాయాలి.

నాలుగు, ఆరోగ్యం. మొదటి ఏడే 42 కిలోమీటర్ల గొప్పకు పోవద్దు. అయిదు కిలోమీటర్లు చాలు, అలవాటున్నవారికి పది. మన వైపు ఎండాకాలం సంగతి చెప్పనక్కర లేదు. నవంబరు నుంచి జనవరి దాకా చలి రోజులు అనువైనవి. ఫజర్ నమాజ్ అయినాక తెల్లవారుతుండగా బయలుదేరితే ఎండ ఎక్కకముందే అయిపోతుంది. పది, పన్నెండు వారాల ముందు నుంచి వారానికి మూడు నాలుగు రోజులు సాధన చేయాలి. కొంతసేపు నడక, కొంతసేపు పరుగు. పక్కవానితో మాట్లాడగలిగే వేగమే మంచి వేగం. ఉప్పు, చక్కెర వేసిన నిమ్మకాయ నీళ్లు దారిలో రెండు మూడు చోట్ల పెట్టాలి. దాహం వేసినంతే తాగాలి, కడుపు నింపరాదు. గుండె జబ్బు, బీపీ, షుగరు ఉన్నవారు డాక్టరు గారిని అడగనిది దిగవద్దు. కళ్లు తిరిగితే, మాట తడబడితే అక్కడనే ఆపి నీడకు చేర్చి, తడి గుడ్డలతో, నీళ్లతో ఒళ్లు చల్లబరుస్తూ 108కి ఫోను చేయాలి. లారీలు తిరిగే హైవే మీద పరుగు వద్దే వద్దు. శ్యాంఘడ్ కోట వైపు గాని, ఇంకే వైపు గాని, పోలీసువారి అనుమతి తీసుకున్న లోపలి రోడ్లే మేలు.

అయిదు, ఆడపిల్లలు. "వాళ్లెట్ల ఉరుకుతరు?" అన్న ప్రశ్న రానే వచ్చింది. మనకు గోదావరి అవతల నిజామాబాదు ఉంది. ఆ ఊరి బిడ్డ నిఖత్ జరీన్ బాక్సింగులో 2022లో, మళ్లా 2023లో ప్రపంచ విజేత అయింది. ఆమె ఆటలు మొదలుపెట్టింది పరుగు పందాలతోనే. ఆమె తండ్రి నలుగురి మాటా విన్నారు, బిడ్డ మాట కూడా విన్నారు. మన పిల్లలకు వారికి తగిన బట్టల్లో, తల్లులు వెంట ఉండగా, బడి మైదానంలో వేరుగా పరుగు పెట్టవచ్చు. మైదానం చుట్టూ తిరిగినా కిలోమీటరు కిలోమీటరే. నిధి ఆడపిల్లల చదువు కోసం కూడా అని చెప్పి, వారిని ఇంట్లోనే కూర్చోబెట్టడం న్యాయం కాదు.

పరుగు చేతకాని పెద్దలకు పని లేదా అంటే ఉంది. నడవవచ్చు. నీళ్లు అందించవచ్చు. లెక్క రాయవచ్చు. అదీ వీలు కాకపోతే ఒక పిల్లవాణ్ణి పిలిచి, "బేటా, నా పేరున ఒక కిలోమీటరు ఉరుకు" అని పది రూపాయలు ఇవ్వవచ్చు.

చివరగా సభవారికి మా మనవి ఇది. పరుగు పెడదామా వద్దా అన్నది కార్యవర్గం నిర్ణయిస్తుంది. పెట్టినా సరే, చందా పుస్తకంతోనే తిరిగినా సరే, ఒక్క తీర్మానం మాత్రం ఈ సంవత్సరమే చేయాలి. సాయం అందుకునే పిల్లవాణ్ణి ఇక మీదట వేదిక మీదికి పిలవరాదు, ఫోటో తీయరాదు. ఫోటో కావాలంటే చెమటతో తడిసినవాని ఫోటో వేయండి. చదువుకునే పిల్లవాడు మా తరగతిలో తలెత్తి కూర్చోవాలి. అతడు పాసైన రోజున అందరం చప్పట్లు కొడదాం. ఆ రోజు మాత్రం వేదిక మీదికి పిలుద్దాం, పేరు పెట్టి, గట్టిగా.

 అల్లాహ్ మన కాళ్లకు బలం, మన లెక్కలకు నిజాయితీ ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలామ్.